పతకమని చెప్పి బ్యాడ్జి పంపినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నెల మీ వెబ్‌సైట్‌లో ‘సోషలిస్టు ఉన్నత విద్యలో విశిష్ట ప్రతిభకు సోవియట్ ప్రభుత్వ పతకం, చాలా అరుదు’ అని చూసి 8,500 రూపాయలు కట్టాను. మాస్కో ప్రచురణ సంస్థ రాదుగ వాళ్ల తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాణ్ణి, సోవియట్ అంటే చెయ్యి ఆగదు.

డబ్బా విప్పితే అందులో ఉన్నది పతకం కాదు. నీలం ఎనామెల్ వేసిన డైమండ్ ఆకారపు బ్యాడ్జి. పైన సోవియట్ రాజముద్ర, కింద పాము చుట్టుకున్న గిన్నె, వెనక కోటుకు బిగించుకునే మర. మా పెదనాన్నగారు మాస్కోలో మెడిసిన్ చదివారు. ఆయనకు చూపిస్తే ఒకటే నవ్వు. “కాలేజీ చదువు పాసైన రష్యన్ పిల్లలందరి కోట్ల మీదా ఇదే ఉండేదిరా” అన్నారు. అక్కడివాళ్లు దీన్ని సరదాగా ‘పప్లవోక్’ అనేవారట, అంటే గాలానికి కట్టే బెండు. పాము, గిన్నె ఉన్నాయంటే మెడికల్ కాలేజీది. ప్రతిభ తెలిసేది డిప్లొమా అట్ట రంగులో. మామూలుగా పాసైతే నీలం, డిస్టింక్షన్ వస్తే ఎరుపు. బ్యాడ్జి మాత్రం ఇద్దరికీ ఇదే. ఉన్నత విద్యారంగంలో బాగా పనిచేసినవాళ్లకు సోవియట్ ఉన్నత విద్యా మంత్రిత్వ శాఖ ఇచ్చే గుర్తింపు బ్యాడ్జి వేరే ఉండేది.

ఇక మీరు జత చేసిన ‘అసలైనదే’ సర్టిఫికెట్ సంగతి. అందులో ‘1994, సోవియట్ విద్యా మంత్రిత్వ శాఖ’ అని ఉంది. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులోనే పోయింది కదండీ! ఇది రాసినవాళ్లు వస్తువును ఒక్కసారైనా చూశారా అని నా అనుమానం.

బ్యాడ్జి నకిలీదని నేను అనడం లేదు, మంచిదే కావచ్చు. లేని గొప్ప అంటగట్టి అమ్మారన్నదే నా బాధ. మూడుసార్లు ఫోన్ చేశాను. “బాక్సు ఓపెన్ చేశారు కదా సార్, రిటర్న్ కుదరదు” అన్నారు. ఓపెన్ చేయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

నా డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చి, మీ ఖర్చుతోనే కొరియర్ పంపి వస్తువు తీసుకెళ్లండి. సైట్‌లో అదే వర్ణన ఇంకా కనిపిస్తోంది, దాన్నీ సరిచేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు, ఫొటోలు, ఆ సర్టిఫికెట్ కాపీ జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
గుంటూరు