మంత్రిగారూ, మా ల్యాబ్‌కు జనరేటర్ ఎప్పుడు?

ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. మరాఠీలో పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అందుకే ఈసారి మహారాష్ట్రలోని మా సిరొంచ వీధుల్లో వినబడే తెలుగులో రాస్తున్నాను. చదవని కాగితం ఏ భాషలో ఉంటేనేం లెండి.

మా కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్ సంగతి మీకు తెలిసిందే. మిషన్లు వచ్చాయి, రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు. జనరేటర్ మాత్రం తర్వాతి విడతలో అన్నారు. ఆ విడత ఇంకా రానేలేదు. నేను గంటల లెక్కన పాఠాలు చెప్పే లెక్చరర్‌ని. గట్టిగా అడిగితే ఆ గంటలూ పోతాయేమోనని నా టెన్షన్ నాది.

వేప, కానుగ, బావంచాల గింజల సారం బ్యాక్టీరియాను ఆపుతుందో లేదో చూడాలని మా పిల్లల కోరిక. అగర్ ప్లేటు, అంటే బ్యాక్టీరియా పెరిగే జెల్లీ పోసిన మూకుడు మీద బ్యాక్టీరియాను పరిచి, చిన్న గుంటలు చేసి, వాటిలో సారం పోసి, ఇన్‌క్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచాలి. సారం పనిచేస్తే గుంట చుట్టూ ఏమీ పెరగని వలయం కనబడుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తాం. మరి అర్ధరాత్రి కరెంటు పోతే? చలికాలంలో ఇన్‌క్యుబేటర్ చల్లబడిపోతుంది. తెల్లారి వలయం కనబడితే అది గింజ గొప్పతనమా, బ్యాక్టీరియా సరిగా పెరగకపోవడమా? గింజలు నానబెట్టిన ఆల్కహాల్‌కే బ్యాక్టీరియాను చంపే గుణం ఉంది. కాబట్టి వట్టి ఆల్కహాల్ పోసిన గుంట ఒకటి, యాంటీబయాటిక్ వేసింది ఒకటి పక్కనే పెట్టి పోల్చాలి. ఇదంతా కనీసం మూడుసార్లు చేయాలి. కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే! ఆ అగర్ డబ్బులు ఎవరి జేబులోంచి పోతాయో మీరే ఊహించుకోండి.

"గడ్చిరోలి వెళ్లి చేయించుకోవచ్చుగా" అని ఒక ఆఫీసరుగారు సలహా ఇచ్చారు. అది మా జిల్లా కేంద్రమే గానీ, ఇక్కడికి 200 కిలోమీటర్ల పైమాట. బ్యాక్టీరియా ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కమంటారా?

సంతలో గింజల పొడులు అమ్మేవాళ్లకు ఈ బాధలేవీ లేవు. అన్ని రోగాలకూ ఒకే పొట్లం, పరీక్ష ఊసే లేదు. ప్లేటు మీద పనిచేసిందల్లా ఒంట్లో పనిచేయదని నాకూ తెలుసండీ. ముందు ప్లేటు మీదైనా చూడనివ్వండి.

జనరేటర్ కాకపోతే ఇన్వర్టర్ ఇవ్వండి, సోలార్ ఇవ్వండి, ఏదో ఒకటి ఇవ్వండి. ఫైలు మీ బల్ల దాకా రావాలంటే నేనే మోసుకొస్తాను. ఇవ్వలేమంటే ఆ మాటే రాసి పంపండి, పిల్లలు వేరే ప్రాజెక్టు చూసుకుంటారు.

ఇట్లు,
సిరొంచ నుంచి ఒక లెక్చరర్