పక్క ఫైల్‌ని పిలవడం ఎప్పుడు నేర్పుతారు?

సంపాదకుడి గారికి,

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల కోసం మీరు వేస్తున్న పాఠాలు వదలకుండా చదువుతున్నాను. వేరియబుల్స్, లూప్స్, ఫంక్షన్లు అన్నీ అర్థమయ్యేలా చెప్తున్నారు. కానీ ప్రతి పాఠమూ ఒకే ఫైల్లో మొదలై అదే ఫైల్లో అయిపోతోంది. ప్రోగ్రామ్ కాస్త పెరగగానే రెండో ఫైల్ పెట్టాలి, అందులో రాసుకున్న ఫంక్షన్‌ని మొదటి ఫైల్లో వాడుకోవాలి, ఆ సంగతి మాత్రం ఎక్కడా రావడం లేదు. మీ ఒక్కరినే అనడం లేదు, చాలా పుస్తకాల్లోనూ ఇదే వరస. ఎవరో రాసి పెట్టిన లైబ్రరీని, అంటే రెడీమేడ్ కోడ్‌ని, ఇంటర్నెట్ నుంచి ఎలా తెచ్చుకోవాలో చెప్తారు, పక్క ఫోల్డర్లో మనమే రాసుకున్నదాన్ని ఎలా పిలవాలో చెప్పరు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు కోడింగ్ నేర్పే పని నాది. లూప్ దగ్గర ఆగిపోయినవాళ్లు తక్కువ, ఈ ఇంపోర్ట్ దగ్గర, అంటే వేరేచోట రాసిన కోడ్‌ని ఇక్కడికి తెచ్చుకునే దగ్గర విసిగిపోయి, ఇక ఇది మనవల్ల కాదులే అనుకున్నవాళ్లే ఎక్కువ. ఇంత చిన్న విషయానికి మంచి బుర్ర ఉన్నవాళ్లు వెనక్కి తగ్గడం చూస్తే బాధేస్తుంది.

గో అనే లాంగ్వేజ్ సంగతే తీసుకోండి. ఒకప్పుడు కోడ్ అంతా గోపాత్ అనే ఫోల్డర్ కింద పెట్టాల్సి వచ్చేది. 2018లో 1.11 వెర్షన్‌తో మాడ్యూల్స్ (ఒక ప్రాజెక్ట్ కోడ్ అంతటికీ కలిపి ఒక పేరు పెట్టే పద్ధతి) వచ్చాయి, 2021లో 1.16 నుంచి అవే డిఫాల్ట్ అయ్యాయి. పాత పాఠాలు మాత్రం ఇంటర్నెట్‌లో అలాగే ఉన్నాయి, నేర్చుకునేవాళ్లు సగం అక్కడిది సగం ఇక్కడిది కలిపి రాసి ఇరుక్కుంటారు. జావాస్క్రిప్ట్ నుంచి వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ ఫోల్డర్ పేరు ముందు చుక్క, స్లాష్ పెడతారు, మాడ్యూల్స్ వాడుతున్నప్పుడు గో దాన్ని ఒప్పుకోదు. పోనీ అని ఉత్త ఫోల్డర్ పేరు, ‘ట్యాక్స్’ అని రాస్తే, అలాంటి ప్యాకేజ్ (ఒక ఫోల్డర్లోని కోడ్ అంతా కలిపి ఒక ప్యాకేజ్) స్టాండర్డ్ లైబ్రరీలో, అంటే గోతో పాటే వచ్చే కోడ్‌లో, లేదని ఎర్రర్ ఇస్తుంది. నేను రాసుకున్న ఫోల్డర్‌ని స్టాండర్డ్ లైబ్రరీలో వెతకడమేంటి అని తల పట్టుకుంటారు పాపం. నిజానికి చెప్పాల్సింది రెండు ముక్కలే. ప్రాజెక్ట్‌లో అన్నిటికన్నా పై ఫోల్డర్లో గో.మాడ్ ఫైల్ ఉండాలి, అందులో మాడ్యూల్‌కి ‘బిల్లింగ్’ అని పేరు పెడితే ఇంపోర్ట్‌లో ‘బిల్లింగ్/ట్యాక్స్’ అని రాయాలి. ఇంపోర్ట్ చేసేది ఫోల్డర్‌ని, ఫైల్‌ని కాదు. ఇంకోటి, బయట నుంచి పిలవాల్సిన ఫంక్షన్ పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, లేకపోతే దారి అంతా సరిగ్గా రాసినా ఆ ఫంక్షన్ దొరకదు.

పైథాన్‌లో తిప్పలు వేరు. ‘యాప్’ ఫోల్డర్లో మెయిన్, హెల్పర్ అని రెండు ఫైళ్లున్నాయనుకోండి. మెయిన్‌లో, ఇదే ప్యాకేజ్‌లోది అని చెప్పే చుక్క పెట్టి హెల్పర్‌ని ఇంపోర్ట్ చేసి, ఆ ఫైల్‌ని నేరుగా రన్ చేస్తే పేరెంట్ ప్యాకేజ్ ఏదో తెలియదని ఆగిపోతుంది. అదే కోడ్, ఒక్క అక్షరం మార్చకుండా, ఒక ఫోల్డర్ పైకి వచ్చి ‘పైథాన్ మైనస్ ఎమ్ యాప్.మెయిన్’ అని ఇవ్వండి, హాయిగా నడుస్తుంది. ఎందుకంటే నేరుగా ఇచ్చిన ఫైల్‌ని పైథాన్ ఏ ప్యాకేజ్‌లోనూ భాగంగా చూడదు. అంటే తప్పు కోడ్‌లో లేదు, రన్ చేసిన తీరులో ఉంది. ఈ మాట ఎవరూ చెప్పకపోవడంతో సిస్.పాత్‌లో, అంటే పైథాన్ కోడ్ కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో, తమ కంప్యూటర్‌లోని ఫోల్డర్ దారి మొత్తం అతికించేసి పని కానిచ్చేస్తారు, అది ఇంకొకరి కంప్యూటర్‌కి వెళ్లగానే ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ టెన్షన్.

రస్ట్‌లో ఫైల్ పెడితే చాలదు, ‘మాడ్’ అని రాసి దాని పేరు చెప్పాలి. జావాలో ప్యాకేజ్ పేరూ ఫోల్డర్ల వరసా కలవాలి. ఏ లాంగ్వేజ్ దారి దానిదే, అందుకే ఒకటి వచ్చు కదా అని రెండోదానికి దీన్ని వదిలేయడం కుదరదు. ఇప్పటికే ఒక లాంగ్వేజ్ వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ తడబడతారు, పాత అలవాటు చెయ్యి వదలదు కాబట్టి.

కాబట్టి నా విన్నపం ఏంటంటే, ఫంక్షన్లు చెప్పిన మరుసటి పాఠంలోనే రెండు ఫైళ్ల ప్రోగ్రామ్ ఒకటి ఇవ్వండి. ఏ ఫైల్ ఏ ఫోల్డర్లో ఉందో బొమ్మ వేసి చూపించండి, ఏ ఫోల్డర్లో నిలబడి ఏ కమాండ్ ఇవ్వాలో రాయండి. వచ్చే ఎర్రర్‌ని దాచకుండా మొత్తం అచ్చు వేసి, అది ఎందుకు వచ్చిందో విడమరిచి చెప్పండి. ఆ తర్వాతి పాఠాలన్నీ అదే ప్రాజెక్ట్‌లో సాగితే ఇంకా మేలు. అలాగే ప్రతి పాఠం పైన అది ఏ వెర్షన్ కోసం రాసిందో ఒక్క లైన్ వేయండి, రెండేళ్ల తర్వాత ఆ కటింగ్ తీసి చదువుకునేవాళ్లకి పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు