కోత వేయని సీసీ రోడ్డుకు బిల్లు ఇవ్వకండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో రెంటచింతలకు దగ్గర్లోని పల్లె. వేసవి వస్తే వార్తల్లో ముందు వినిపించే పేర్లలో రెంటచింతల ఒకటి కాబట్టి మా ఎండల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎండలో మా బజారుకు వేసిన సీసీ రోడ్డు గురించి రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మే నెలలో మిట్టమధ్యాహ్నం కాంక్రీటు పోశారు. కూలీల అవస్థ చూడలేక ఇంటింటి నుంచీ మజ్జిగ తెచ్చి ఇచ్చాం. ఎక్కడా జాయింటు, అంటే రోడ్డుకు అడ్డంగా మిషనుతో కోసే గీత, కోయలేదు. సాయంత్రం పైపుతో ఒకసారి నీళ్లు చల్లి వెళ్లిపోయారు. నాలుగో రోజు పొద్దున ముగ్గు వేద్దామని బయటికొస్తే మా గుమ్మం ముందు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెంట్రుకంత గీత. నెల తిరిగేసరికి బజారు పొడవునా అవే, ఇంచుమించు ఎనిమిదేసి మీటర్లకు ఒకటి. సిమెంటు తక్కువేశారని ఊరంతా అనుకుంది. ఆ సంగతి నాకు తెలియదు. పగుళ్లు అంత లెక్కగా వచ్చాయంటే కారణం వేరే ఉందనిపించింది.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. జనవరిలో ఒక తెల్లవారుజామున పిల్లలతో కలిసి ఆ పగుల్లో రూపాయి బిళ్ల నిలువుగా దించి చూశాను, దిగింది. మే మధ్యాహ్నం అదే చోట దిగలేదు. రోడ్డు కదులుతోంది. కాంక్రీటు ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు మిల్లీమీటరులో సుమారు వందో వంతు సాగుతుంది. 30 డిగ్రీల తేడా వస్తే 100 మీటర్ల బజారుకు 3 సెంటీమీటర్లు!

బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే ఎలా బిగుసుకుంటుందో మన పెద్దలు చూసినవారే. మధ్యాహ్నపు వేడిలో గట్టిపడిన కాంక్రీటు కూడా రాత్రి చల్లారుతూ అలాగే దగ్గరికి ముడుచుకోబోతుంది. కింద నేల పట్టుకుని కదలనివ్వదు. కాంక్రీటు ఎంత బరువైనా మోస్తుంది గానీ, లాగితే ఓర్చుకోలేదు. నొక్కుడుకు ఆగే బలంలో లాగుడుకు ఆగేది సుమారు పదో వంతే. పోసి ఒకటి రెండు రోజులే అయితే అదీ ఉండదు.

తర్వాత కూడా రోడ్డుకు విశ్రాంతి లేదు. పగలు పైభాగం కాలిపోతుంటే అడుగు చల్లగా ఉంటుంది, కాంక్రీటు పలక మధ్యలో ఉబ్బుతుంది. రాత్రి పైభాగం ముందు చల్లారి అంచులు, మూలలు పైకి లేస్తాయి. ఆ వేళ మిర్చి టిక్కీల ట్రాక్టరు మూల మీదికి ఎక్కితే కింద ఆనిక లేక విరుగుతుంది. మా బజారులో రెండు మూలలు అలాగే పోయాయి. వానపడితే పగుల్లోంచి నీళ్లు దిగి, చక్రం పడ్డప్పుడల్లా కింది మట్టి బురదై పైకి చిమ్ముతోంది.

దీనికి మందు రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. కింద ప్లాస్టిక్ షీటు పరిస్తే పలక తేలిగ్గా జరుగుతుంది. నాలుగు మీటర్లకు అటూఇటూగా, మందంలో మూడో వంతో నాలుగో వంతో లోతున కోస్తే పగులు ఆ గీత కిందే వస్తుంది, దాన్ని పూడ్చుకోవచ్చు. అయితే ఆ కోత సమయానికి పడాలి. మా ఎండల్లో అదే రాత్రి కోయాల్సి వస్తుంది, తెల్లారి చూద్దామంటే కాంక్రీటు ఆగదు. ఇక తడి గోనెలు కప్పి రెండు వారాలు నీళ్లు పెట్టాలి. కట్టరు అద్దె, ట్యాంకరు నీళ్లు, రోడ్డు ఖర్చులో ఇవెంత సార్?

నేను కోరేది ఒక ఉత్తర్వు. వేసవిలో కాంక్రీటు పొద్దెక్కకముందో, పొద్దు వాలాకో పోయాలి. పోసిన గంట, కోసిన గంట, నీళ్లు పెట్టిన రోజులు ఎం.బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, రాయాలి. అవి లేని బిల్లు ఆపాలి.

మా పక్క బజారుకు రోడ్డు మంజూరైంది. ఉగాది దాటాక మొదలుపెడతామంటున్నారు. ఆలోగా ఆ ఉత్తర్వు మా ఊరికి చేరేలా చూడండి.

ఇట్లు,
ఒక సైన్సు టీచరు, పల్నాడు జిల్లా