ఒకే కంపెనీ, ఒకే బకెట్, రంగుకో రేటు ఎందుకంటే

మన షాపు కస్టమర్లకు నమస్కారం.

సంక్రాంతికి ఇళ్లకు రంగులు వేయించే సీజన్ మొదలైంది. వారం రోజులుగా అందరూ ఒకటే అడుగుతున్నారు: "కంపెనీ అదే, రకం అదే, పది లీటర్ల బకెట్టే. మీగడ రంగుకి ఒక రేటు, ఎర్ర రంగుకి అంతకంటే ఎక్కువా?" మొన్న ఒక పెద్దాయన కోపంతో కొటేషన్ కాగితం కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయారు. రద్దీలో ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

షేడ్ కార్డులో మీరు చూసే రంగుల్లో చాలావరకు రెడీగా డబ్బాల్లో రావు. మాకు వచ్చేది బేస్, అంటే రంగు కలపక ముందున్న పెయింట్. దాంట్లో మిషన్ కలరెంట్ (చిక్కటి రంగు ద్రవం) పోసి రంగు తయారుచేస్తుంది. లేత రంగుల బేస్‌లో తెల్లటి టైటానియం డయాక్సైడ్ బాగా ఉంటుంది. గోడ మీద మరకల్ని కప్పేది అదే. ముదురు రంగుల బేస్‌లో దాన్ని బాగా తగ్గిస్తారు, లేకపోతే ఎరుపు కాస్తా గులాబీ అయిపోతుంది. మీగడ రంగుకి లీటరుకి కొద్ది మిల్లీలీటర్ల కలరెంట్ చాలు. ముదురు ఎరుపుకి పదుల మిల్లీలీటర్లు పడుతుంది.

కలరెంట్లన్నీ ఒకే ధర కూడా కాదండీ. కావి, ఇటుక రంగు ఐరన్ ఆక్సైడ్‌తో వస్తాయి, చవక. మెరిసే ఎరుపు, నిమ్మపండు పసుపుకి ఆర్గానిక్ పిగ్మెంట్లు (కర్బన రసాయనాలతో చేసిన రంగు పొడులు) కావాలి, అవి ఖరీదు. గేట్లకి వేసే ఎనామిల్‌లో ఒకప్పుడు ఈ రంగులకి సీసం కలిసిన పిగ్మెంట్లు వాడేవారు. 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని కేంద్రం నిబంధన అమల్లోకి వచ్చింది. పిల్లలున్న ఇళ్లకి అది ఎంతో మంచిది. సీసం లేని పిగ్మెంట్లకి అయ్యే ఖర్చు న్యాయమైనదనే నా నమ్మకం.

అసలు తేడా మాత్రం గోడ మీద తెలుస్తుంది. మెరిసే ఎరుపు, పసుపు రెండు కోట్లకి (రెండుసార్లు పూస్తే) నిండవు, మూడోది తప్పదు, ఒక్కోసారి నాలుగోది కూడా. నేను ఇన్నాళ్లూ డబ్బా రేటు మాత్రమే చెప్పి, కోట్ల సంగతి మేస్త్రికి వదిలేశాను. పోయినేడాది ఒక కుటుంబం హాల్లో ఒక్క గోడ పసుపు కోసం మూడుసార్లు షాపుకి తిరగాల్సి వచ్చింది. ఆ తప్పు నాది.

ఇకనుంచి కొటేషన్‌లో బేస్ ధర, కలరెంట్ ధర విడివిడిగా రాస్తాను. ఎన్ని కోట్లు పడతాయో కూడా రాస్తాను. ముదురు ఎరుపు కింద బూడిద రంగు ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేయించుకోండి, రంగు త్వరగా నిండుతుంది. కలిపిన రంగుని వెనక్కి తీసుకోలేను. కాబట్టి ముందు ఒక్క లీటరే కలిపించుకుని, గోడ మీద వేసి, పగలూ రాత్రీ చూసుకుని అప్పుడు మిగతాది తీసుకోండి.

కాగితం వదిలి వెళ్లిన పెద్దాయన ఇది చదివితే ఒక్కసారి షాపుకి రండి. మీ వరండాకి ఇటుక రంగులో రెండు కోట్లకి ఎంత అవుతుందో అదే కాగితం వెనక లెక్క వేసి ఉంచాను.