నాన్నగారికి, సింథటిక్ రీడ్ గురించి

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్లారినెట్‌లో ఊదగానే కంపించి నాదం పుట్టించే పలుచని రీడ్ స్థానంలో ప్లాస్టిక్ రీడ్ పెడితే నాదం చచ్చిపోదా అని మీరు పోయిన ఉత్తరంలో అడిగారు. కొంతకాలంగా దానితోనే సాధన చేస్తున్నాను కనుక వివరంగా వ్రాస్తున్నాను.

మామూలు రీడ్‌ను అరుండో డోనాక్స్ అనే రెల్లుకాడ నుంచి చెక్కుతారు. ఆ కాడలో నారలన్నీ నిలువుగా సాగుతాయి గనుక రీడ్ పొడవునా బిగువుగాను, అడ్డంగా మెత్తగాను ఉంటుంది. అది కంపించే తీరు చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడుతుంది. కెనడాకు చెందిన లెజేర్ సంస్థవారు పాలీప్రొపిలీన్‌ను సాగదీసి, దాని అణువులు ఒకే దిశలో బారులు తీరేలా చేసి, తడిసిన రెల్లుకు దగ్గరి గుణాన్ని ప్లాస్టిక్‌లో రప్పించారు.

దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చినది నిలకడ. రెల్లు రీడ్‌ను ముందుగా తడపాలి, ఎండితే కొస అలలు తిరుగుతుంది, గాలిలో తేమ మారితే పలుకూ మారుతుంది. సింథటిక్ రీడ్‌కు ఆ బెడద లేదు. శాక్సోఫోన్, క్లారినెట్ మార్చి మార్చి వాయించేవారికి ఇది గొప్ప వరం; ఎంతసేపు పక్కన పెట్టినా, ఎత్తి ఊదిన వెంటనే పలుకుతుంది. స్వరం సరిగా రాకపోతే లోపం ఊపిరిలో ఉందో పెదవి పట్టులో ఉందో వెతుక్కోవచ్చు, ప్రతిసారీ రీడ్‌ను అనుమానించనక్కరలేదు.

లోపాలూ ఉన్నాయి. తార స్థాయిలో అతి మెల్లగా స్వరం ఎత్తుకునేటప్పుడు మంచి రెల్లు రీడ్ ఇచ్చే సౌఖ్యం నాకు దీనిలో పూర్తిగా దొరకలేదు. పైగా మీరు రీడ్‌ను వెలుతురుకు ఎత్తి చూసి, మందంగా ఉన్న వైపు బ్లేడుతో పొరపొరగా గీకి దారికి తెస్తారే, ఆ పనితనానికి ఇక్కడ చోటు తక్కువ. నోటి వేడికి ఇది కొంత మెత్తబడుతుంది కాబట్టి పెట్టిన వెంటనే గట్టిదనాన్ని తేల్చకుండా, కాసేపు ఊదిన తరువాతే నిర్ణయించండి. నీటిని పీల్చుకోదు గనుక అడుగున ఉమ్మి చేరి బుడబుడమంటుంది. అప్పుడు గాలిని ఒక్కసారి గట్టిగా లోపలికి పీలిస్తే సర్దుకుంటుంది.

ఈ రీడ్‌ల గట్టిదనాన్ని నంబర్లతో చెబుతారు, అది పావు మెట్లలో దొరుకుతుంది. మీరు రెల్లులో 3 నంబరు వాడతారు కనుక 3, 2.75 రెండూ పంపుతున్నాను. రీడ్ కొసను మౌత్‌పీస్ కొసతో సమంగా పెట్టి చూడండి. బరువనిపిస్తే వెంట్రుకవాసి కిందికి, పలచననిపిస్తే అంతే పైకి జరపండి. రీడ్‌ను మౌత్‌పీస్‌కు పట్టి ఉంచే లిగేచర్‌ను మరీ బిగించవద్దు. రెండూ కుదిరితే రోజు మార్చి రోజు వాడండి, ఎక్కువకాలం మన్నుతాయి. మంద్రంలో ఒక దీర్ఘస్వరం పట్టి, రిజిస్టర్ కీ నొక్కి పైకి వెళ్ళినప్పుడు నాదం ఎలా ఉందో నాకు తప్పక వ్రాయండి.

ఇట్లు,
మీ కుమారుడు