ఆసుపత్రి బిల్లింగ్, కంప్లయన్స్ శిక్షణలోని లోపాలపై ఫిర్యాదు

శిక్షణ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా బిల్లింగ్ విభాగ సిబ్బందికి మీ సంస్థ ఇచ్చిన శిక్షణ ఒప్పందంలోని పాఠ్యాంశాలకు తగినట్టు లేకపోవడం, అందులో చెప్పిన కొన్ని అంశాలు నిబంధనలకే విరుద్ధంగా ఉండడం గురించి.

అయ్యా,

మా విభాగం అమెరికాలోని ఒక ఆసుపత్రికి కోడింగ్ (జబ్బులను, చికిత్సలను సంకేత సంఖ్యల్లో రాయడం), క్లెయిముల (బీమాకు పంపే బిల్లుల) తయారీ, తిరస్కరణల పరిష్కారం పనులు చేస్తుంది. మా సిబ్బందికి ఆసుపత్రి బిల్లింగ్‌లోనూ, నిబంధనల పాటింపు అనే కంప్లయన్స్‌లోనూ తెలుగులో శిక్షణ ఇచ్చేందుకు మీ సంస్థ మాతో ఒప్పందం చేసుకుంది. మీ శిక్షకులు స్పష్టంగానే మాట్లాడారు, ప్రశ్నలు అడిగితే విసుక్కోలేదు. ఆ విషయంలో మాకు ఫిర్యాదు లేదు. మా అభ్యంతరమంతా వారు బోధించిన విషయం గురించే.

ఒప్పందంలో ఆసుపత్రి బిల్లింగ్ అని రాసి ఉన్నప్పటికీ, తరగతుల్లో అధిక భాగం డాక్టర్ల క్లినిక్‌ల నుంచి వెళ్లే సీఎంఎస్-1500 ఫారం చుట్టూనే తిరిగింది. ఆసుపత్రి తన సేవలకు బిల్లు పంపేది యూబీ-04 అనే ఫారం మీద. అందులో ఏ విభాగపు సేవో తెలిపే రెవెన్యూ కోడ్లు, బిల్లుకు వర్తించే ప్రత్యేక పరిస్థితులను తెలిపే కండిషన్ కోడ్లు, ఇన్‌పేషెంట్ బిల్లుకు 111, ఔట్‌పేషెంట్ బిల్లుకు 131 వంటి బిల్లు రకం సంఖ్యలు, జబ్బు రోగి చేరేనాటికే ఉందా లేదా అని తెలిపే సూచిక, ఇన్‌పేషెంట్లకు జబ్బు, చికిత్సల వర్గాన్ని బట్టి ఇచ్చే ఎంఎస్-డీఆర్‌జీ చెల్లింపు, ఇవే మావాళ్లు రోజూ చేసే పని. వీటికి మీరు కేటాయించినది చివరి తరగతిలో కొన్ని స్లైడ్లు మాత్రమే, వాటిని కూడా సమయం లేదంటూ దాటవేశారు.

అంతకన్నా తీవ్రమైన విషయం అబ్జర్వేషన్ రోగుల (చేర్చుకోవాలా వద్దా అని తేల్చేందుకు పరిశీలనలో ఉంచినవారి) గురించి చెప్పిన పాఠం. రాత్రి వార్డులో పడక ఇచ్చారంటే ఆ రోగి ఇన్‌పేషెంటే అని మీ శిక్షకుడు ఒక ప్రశ్నకు జవాబిచ్చారు. ప్రధానంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే బీమా అయిన మెడికేర్ దృష్టిలో అది తప్పు. డాక్టర్ చేర్చుకునే ఉత్తర్వు రాయనంతవరకు, రోగి పడక మీద ఎంతసేపు ఉన్నా ఔట్‌పేషెంటే. వైద్యపరంగా అవసరమైన చికిత్స రెండు అర్ధరాత్రులు దాటి సాగుతుందని డాక్టర్ సహేతుకంగా అంచనా వేస్తే ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోవడం సాధారణంగా సమర్థనీయమన్న నిబంధన 2013 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈ తేడా కాగితాలకే పరిమితమైనది కాదు. ఇన్‌పేషెంట్ అయితే ఆసుపత్రి బిల్లు మెడికేర్‌లో ఆసుపత్రి వాసానికి వర్తించే పార్ట్-ఎ కిందకు, అబ్జర్వేషన్ అయితే ఔట్‌పేషెంట్ సేవలకు వర్తించే పార్ట్-బి కిందకు వెళుతుంది. సంప్రదాయ మెడికేర్‌లో నర్సింగ్ కేంద్రం ఖర్చు రావాలంటే ముందు ఉండవలసిన మూడు రోజుల ఆసుపత్రి వాసంలో అబ్జర్వేషన్ గంటలు లెక్కకు రావు. అందుకే 24 గంటలకు మించి అబ్జర్వేషన్‌లో ఉన్న మెడికేర్ రోగికి, అది మొదలైన 36 గంటలలోపు తాను ఇన్‌పేషెంట్ కాదని తెలిపే మూన్ అనే నోటీసు ఇచ్చి, తన స్థితి ఏమిటో నోటిమాటగా కూడా వివరించాలి. మీ పాఠంలో ఆ నోటీసు ప్రస్తావనే లేదు. పైగా అబ్జర్వేషన్ కోసం నేర్పిన 99218 నుంచి 99220 వరకు ఉన్న సీపీటీ కోడ్లను (వైద్య సేవల సంకేత సంఖ్యలను) 2023 జనవరి 1 నుంచే తొలగించి, 99221 నుంచి 99223 వరకు ఉన్న కోడ్లలో కలిపేశారు. సీపీటీ ఏటా జనవరిలో మారుతుందని మొదటి రోజే చెప్పిన సంస్థ తన స్లైడ్లను మాత్రం మార్చుకోలేదు.

ఒక సేవ మరోదాని నుంచి వేరని తెలిపేందుకు కోడుకు చేర్చే మాడిఫయర్ 59 విషయంలో మీరు నేర్పినదాన్ని మేము ఏ విధంగానూ అంగీకరించలేము. రెండు కోడ్లు కలిపి పంపితే క్లెయిము తిరస్కరణకు గురైనప్పుడు 59 చేర్చి మళ్లీ పంపితే డబ్బు వస్తుందని శిక్షకుడు ఒక చిట్కాగా చెప్పారు, అభ్యాస పత్రంలో కూడా అదే సరైన జవాబుగా ఉంది. కలిపి బిల్లు చేయకూడని కోడ్లను చూపే మెడికేర్ వారి ఎన్‌సీసీఐ జతల పట్టికలో ఆ జంటకు సూచిక 0 ఉంటే ఏ మాడిఫయరూ పనిచేయదు. 1 ఉన్నా, ఆ రెండు సేవలూ వేర్వేరని వైద్య రికార్డు చూపగలిగితేనే దాన్ని వాడాలి. రికార్డు తెరవకుండానే 59 తగిలించడాన్ని అలవాటు చేస్తే అది ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పంపడాన్ని శిక్షించే అమెరికా ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం దాకా వెళుతుంది. మోసగించాలన్న ప్రత్యేక ఉద్దేశం రుజువు కానవసరం లేదు. నిజానిజాలను పట్టించుకోని నిర్లక్ష్యం కూడా ఆ చట్టం కింద తెలిసి చేసినదానితో సమానమే. నష్టానికి మూడు రెట్లు, దానిపైన ప్రతి క్లెయిముకూ విడిగా జరిమానా పడుతుంది. కంప్లయన్స్ శిక్షణ పేరుతో డబ్బు తీసుకుని ఇటువంటి చిట్కా నేర్పడం మాకు ఆశ్చర్యం కన్నా ఎక్కువ భయం కలిగించింది.

రోగుల సమాచార గోప్యతను కాపాడే అమెరికా చట్టమైన హిపా పాఠంలో ఉదాహరణగా తెరపై చూపిన క్లెయిములో ఒక నిజమైన రోగి పేరు, పుట్టిన తేదీ, బీమా సభ్యత్వ సంఖ్య కనిపించాయి. అది మా ఆసుపత్రిది కాదు. ఎక్కడిదైనా, వివరాలు తొలగించకుండా తరగతి గదిలో చూపవలసినది కాదు. కనీస అవసరం మేరకే రోగి సమాచారం చూడాలని చెప్పే స్లైడు దాని తర్వాతిదే కావడం గమనార్హం.

ఇక పరీక్ష సంగతి. ప్రశ్నల జవాబులను ముందుగానే తెరపై చదివి వినిపించి, ఆ తర్వాత పరీక్ష పెట్టారు. అందరూ ఉత్తీర్ణులయ్యారు, తరగతులు జరిగిన కాలమంతా సెలవులో ఉన్న ఒక ఉద్యోగి పేరు మీద కూడా సర్టిఫికెట్ వచ్చింది. హిపా శిక్షణ జరిగినట్టు రాతపూర్వక రికార్డును ఆరేళ్లు భద్రపరచాలి. రేపు ఆడిట్‌కు వచ్చినవారు అడిగేది ఆ కాగితాలనే. జరగని శిక్షణకు సర్టిఫికెట్ మా ఫైలులో ఉండడం కన్నా అసలు కాగితం లేకపోవడమే నయం.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీరు చేయవలసినవి ఇవి. మాడిఫయర్ 59, అబ్జర్వేషన్ స్థితి గురించి తరగతిలో చెప్పినది తప్పని, సరైన నిబంధన ఏమిటో వివరిస్తూ హాజరైన ప్రతి ఒక్కరికీ మీ సంస్థ పేరుతో లేఖ పంపాలి. తిరస్కరణల విభాగంలో ఉన్నవారికి ముందుగా పంపాలి, ఎందుకంటే వారు ఆ చిట్కాను ఇప్పటికే వాడుతుండవచ్చు. జారీ చేసిన సర్టిఫికెట్లన్నిటినీ రద్దు చేసి, లాగిన్ వివరాలతో సహా నిజమైన హాజరు పట్టికను మాకు ఇవ్వాలి. రోగి వివరాలున్న ఆ స్లైడు మీకు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరెవరికి పంపారో తెలిపి, దాన్ని తొలగించినట్టు రాసివ్వాలి. యూబీ-04 పాఠాలను ఆసుపత్రి బిల్లింగ్‌లో స్వయంగా పనిచేసిన శిక్షకునితో అదనపు రుసుము లేకుండా మళ్లీ చెప్పించాలి, లేదా ఆ భాగానికి చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వాలి.

పైవి పూర్తయ్యేవరకు మిగిలిన వాయిదా చెల్లింపును నిలిపివేస్తున్నాము. గడువులోగా రాతపూర్వక సమాధానం రాకపోతే ఒప్పందంలోని వివాద పరిష్కార నిబంధన ప్రకారం ముందుకు వెళతాము. తప్పులున్న స్లైడ్ల ప్రతులు, అభ్యాస పత్రం, సెలవు రికార్డును దీనితో జత చేస్తున్నాము. రోగి వివరాలున్న స్లైడును మాత్రం, కారణం మీకు తెలిసినదే కనుక, జత చేయడం లేదు.

ఇట్లు,
బిల్లింగ్ విభాగ అధిపతి