ఆరెంజ్ వైన్ వగరుకి భయపడొద్దు

సంపాదకులకు నమస్కారం.

వైన్ల గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన చిన్న అంశంలో ఆరెంజ్ వైన్‌ని నారింజ రసంతో చేస్తారని రాశారు. నారింజకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అది తెల్ల ద్రాక్షతో చేసే వైన్. రంగు చూసి పెట్టిన పేరు అది. 2004లో డేవిడ్ హార్వే అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి వాడాక ఆ మాట స్థిరపడింది. జార్జియా దేశంలో దాన్ని అంబర్ వైన్ అంటారు, తేనె రంగన్నమాట. తప్పు పేరుతోనే ఆగిపోతే ఈ ఉత్తరం రాయక్కర్లేదు. నారింజ తీపి ఉంటుందనుకుని గుక్క వేసిన మనిషికి నోరు పట్టేసే వగరు తగిలితే, సరుకు పాడైందనుకుంటాడు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విదేశాల నుంచి పిల్లలు సీసాలు తెచ్చే ఇళ్లున్నాయి. అంత దూరం నుంచి వచ్చిన మంచి సీసాని అలా పారబోస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తెల్ల వైన్‌కి ద్రాక్ష నలిపిన వెంటనే పిండి, తొక్కా గింజా తీసేసి, రసం ఒక్కటే పులియబెడతారు. ఎర్ర వైన్‌కి తొక్కతో కలిపి పులియబెడతారు. ఎర్ర వైన్ పద్ధతిని తెల్ల ద్రాక్షకి వాడితే వచ్చేది ఆరెంజ్ వైన్. తొక్క నానే కాలం మూడు నాలుగు రోజులు కావచ్చు, ఆరు నెలలూ కావచ్చు. ఆ కాలంలో తొక్కలోంచి రంగు, పరిమళం, వగరునిచ్చే టానిన్ రసంలోకి దిగుతాయి. ఎక్కువసేపు మరిగిన టీ డికాక్షన్‌లో నాలుకకి తగిలే పట్టు ఆ టానిన్‌దే. పులిసేటప్పుడు గ్యాస్ తొక్కల్ని పైకి నెట్టి మందంగా మీగడలా కట్టిస్తుంది. దాన్ని రోజుకి మూడు నాలుగుసార్లు కర్రతో లోపలికి నొక్కాలి. నొక్కకపోతే పైపొర ఎండి, గాలి తగిలి, వెనిగర్ చేసే బ్యాక్టీరియా పడుతుంది. మొత్తం పులుపెక్కిపోతుంది.

ఈ విద్యలో జార్జియా వాళ్లది పాత చెయ్యి. క్వెవ్రి అనే కోడిగుడ్డు ఆకారపు మట్టి కాగుని మెడ దాకా భూమిలో పాతి, లోపల తేనెమైనం పూసి వాడతారు. 2013లో యునెస్కో ఈ పద్ధతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కఖేతి ప్రాంతంలో ర్కత్సితెలి, కిసి, మ్త్స్వానె రకాల ద్రాక్షని తొక్క, గింజ, కాడతో సహా వేసి, పులియడం అయ్యాక మూత మూసి వసంతం దాకా వదిలేస్తారు. కాగు అడుగు సన్నగా మొన తేలి ఉండటంలో గొప్ప తెలివి ఉంది. గింజలు ముందుగా ఆ మొనలోకి జారతాయి, వాటి మీద మడ్డీ తొక్కలూ కప్పేస్తాయి. గింజల చేదు నెలల తరబడి వైన్‌లోకి దిగకుండా ఆ కప్పు ఆపుతుంది. ఇటలీలో స్లొవేనియా సరిహద్దున ఉన్న ఓస్లావియాలో వైన్ చేసే జోష్కో గ్రావ్నర్ 2000లో జార్జియా వెళ్లి చూసొచ్చి, 2001 పంట నుంచి తన వైన్ ఆ కాగుల్లో చేశారు.

ఇది చదివి బజారు ద్రాక్షతో ఇంట్లో ప్రయత్నించకండి. తినే ద్రాక్ష తొక్క పల్చన, పులుపూ టానినూ తక్కువ. పైగా లైసెన్సు లేకుండా తయారుచేస్తే ఎక్సైజ్ నేరం.

ఇక వగరు సంగతి. ఉద్దానం తోటల్లో జీడిమామిడి పండు కొరికిన వాళ్లెవరికీ దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. లాలాజలంలోని ప్రోటీన్లని టానిన్ పట్టి ముద్ద కట్టిస్తుంది. నాలుకకి జారుడు పోయి గరుకు తగులుతుంది. షడ్రుచుల్లో వగరుకి చోటిచ్చిన మనం దాన్ని రుచి అంటాం. శాస్త్రం ఎక్కువగా స్పర్శ కిందే లెక్కేస్తుంది. చేదు వేరు, వగరు వేరు. గుక్క మింగాక నాలుక మీద నిలిచేది చేదు. చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు బిగిసేది వగరు. మంచి ఆరెంజ్ వైన్‌లో వగరు ముందుకొచ్చి, మెల్లగా వదులై, ఎండిన ఆప్రికాట్, తేనె, నారింజ తొక్క, టీ ఆకు లాంటి వాసనలు మిగులుతాయి. వగరు వదలకుండా చేదుగా గట్టిపడిపోతే గింజలు చితికాయనో, కాడలు పచ్చిగా ఉన్నాయనో అనుమానించాలి.

రుచి చూడ్డంలో మనవాళ్ల మొదటి పొరపాటు చలువ. ఫ్రిజ్‌లోంచి 4, 5 డిగ్రీల దగ్గర తీసి వెంటనే పోస్తే పరిమళం ముడుచుకుంటుంది, వగరు పెరుగుతుంది. 12 నుంచి 14 డిగ్రీలు సరైనది. శీతాకాలం అరగంట ముందు, ఎండాకాలం పావుగంట ముందు బయట పెడితే చాలు. వడకట్టని రకమైతే ముందు రోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. కొంచెం మబ్బుగా ఉన్నా దోషం కాదు. తేటగా లేదని కల్లుని ఎవరూ పారబోయరు కదా. పొట్ట వెడల్పున్న గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోసి, కదపకుండా ఒకసారి, తిప్పి ఇంకోసారి వాసన చూడాలి. చిన్న గుక్క నోట్లో పది సెకన్లు తిప్పాలి. ఒకటికి మించి సీసాలుంటే తొక్క తక్కువ రోజులు నానినది ముందు, నెలలు నానినది చివర. వగరు నోట్లో పేరుకుపోతుంది కాబట్టి నాలుగు రకాలు దాటితే తేడా తెలీదు. మధ్యలో నీళ్లు, ఉప్పు లేని మరమరాలు. మింగకుండా ఉమ్మేస్తే తీర్పు నిలకడగా ఉంటుంది.

నిజంగా పాడైన సీసా ఎలా ఉంటుందో కూడా తెలియాలి. గోళ్ల రంగు వాసనో, ముక్కుకి గుచ్చుకునే వెనిగర్ ఘాటో ఉంటే అది అసిటిక్ దోషం, ఇక బాగుపడదు. తడిసిన అట్టపెట్టె వాసన కార్క్‌ది, అదీ పోదు. కుళ్లిన గుడ్డు వాసన మాత్రం గ్లాసులో తిప్పి ఇరవై నిమిషాలు గాలికి ఉంచితే చాలాసార్లు పోతుంది. అందరినీ మోసం చేసేది ఎలుక వాసన. వైన్‌లో ఆమ్లం ఎక్కువ కాబట్టి ముక్కుకి దొరకదు. మింగిన పది ఇరవై సెకన్లకి, లాలాజలం కలిశాక, ఎలుకలు తిరిగిన ధాన్యం గాదెలా గొంతులోంచి పైకొస్తుంది. అనుమానమొస్తే చుక్క వైన్ ముంజేతి మీద రాసి వాసన చూడండి, చర్మం మీద బయటపడుతుంది. పాడవకుండా వేసే గంధకం (సల్ఫైట్) బాగా తగ్గించి చేసే వైన్లలో ఇది ఎక్కువ. మన ఎండల్లో ఇంకో ప్రమాదం దారిలో తగిలే వేడి. మేలో కారు డిక్కీలో విశాఖ విమానాశ్రయం నుంచి వచ్చిన సీసాకి కార్క్ పైకి ఉబ్బి, మెడ దగ్గర జిగురు కారిందంటే వేడి తిన్నదే.

పక్కన ఏం పెట్టాలన్నది తేలిక. కొవ్వు, ప్రోటీన్, ఉప్పు వగరుని మెత్తబరుస్తాయి. ఉప్పు వేసి వేయించిన పలాస జీడిపప్పు, కారం తగ్గించి వేయించిన వంజరం ముక్క, ఆవ పెట్టిన పనసపొట్టు కూర బ్రహ్మాండంగా కుదురుతాయి. పచ్చిమిర్చి ఘాటు మాత్రం పక్కన పెట్టకండి. కారం వగరునీ ఆల్కహాల్ మంటనీ కలిపి పెంచేస్తుంది, వైన్‌లో మిగతా ఏదీ తెలియనివ్వదు. మిగిలిన సీసాకి కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. నెలలు నానిన రకం రెండో రోజు పరిమళం ఇంకా విచ్చుకుంటుంది కూడా.

నారింజ రసం అన్న మాటని దయచేసి సవరించి ప్రచురించగలరు.

— హోటల్ మేనేజ్‌మెంట్ అధ్యాపకుడు, విజయనగరం